మావయ్య ఉన్న పాట

మొన్న మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో డీజే కుర్రాడు మైకు పట్టుకుని "ఇప్పుడు మన పెద్దవాళ్ళ కోసం తొంభైల పాటలు" అని అరిచాడు. పెద్దవాళ్ళంటే ఎవరా అని వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు, మేమే. కోపం వచ్చింది గానీ పాట మొదలయ్యేసరికి పోయింది. అప్పటిదాకా నడుం నొప్పుల గురించి చెప్పుకుంటున్న ఆడవాళ్ళమంతా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లేచాం. హీరో కాలేజీ మెట్ల మీద గిటారు పట్టుకుని గెంతిన పాటలు వరసగా వేశాడు. పొద్దున మాత్ర వేసుకుందో లేదో గుర్తుండని మా తోటికోడలు కూడా మధ్యలో వచ్చే ఇంగ్లీషు ముక్కలతో సహా పాడేసింది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి ఒక సినిమా పేరు చెప్పి, అందులో చివరి పాట వెయ్యమన్నాను. ఫోనులో వెతికాడు. ల్యాప్‌టాప్‌లో వెతికాడు. "అలాంటి సినిమా లేదు మేడమ్" అన్నాడు. ఉంది నాన్నా అన్నాను. "ఉంటే ఇక్కడ దొరక్కుండా ఉండదండి" అన్నాడు, మర్యాదగానే. నేను వచ్చి కుర్చీలో కూలబడ్డాను. మళ్ళీ లేవబుద్ధి కాలేదు. పిలిచినవాళ్ళకి కాలు పట్టేసిందని చెప్పాను.

ఆ పాటలో మా మావయ్య ఉన్నాడు.

తమ్ముడు పుట్టాక అమ్మకి ఒంట్లో బాగుండక నన్ను కొన్నేళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంచారు. మాది పొన్నూరు దగ్గర వరి పొలాల ఊరు, ఎటు చూసినా నీళ్ళే. అమ్మమ్మ వాళ్ళది దర్శి వైపు. అక్కడ కాలవ లేదు, నల్లరేగడి నేల, పత్తి, మిరప. మాఘమాసం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎర్రబడేది. కల్లాల్లో, ఇళ్ళ ముందు, తారురోడ్డు పక్కన, ఎక్కడ చదునుగా కనిపిస్తే అక్కడ మిరపకాయలు ఆరబోసేవాళ్ళు. ఆ ఘాటు మాకు గాలిలో భాగం. మా బళ్ళో మాస్టారు మాత్రం పై జిల్లా నుంచి వచ్చినవాడు పాపం, ఎక్కాలు చెప్పిస్తూ మధ్య మధ్యలో తుమ్మేవాడు. మేమూ ఆయన తుమ్ము దగ్గర ఆగి, కానిచ్చాక మళ్ళీ అందుకునేవాళ్ళం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ముందు మాస్టారు తుమ్మకపోయినా అక్కడే ఆగాం. మాస్టారు ఆ తర్వాత వారం రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు.

పొద్దున్నే అమ్మమ్మ పండుమిరపకాయలు, కొత్త చింతపండు, ఉప్పు వేసి రోట్లో తొక్కేది. ఆ పచ్చడి వేడన్నంలో కలిపి, పైన వెన్నపూస ముద్ద పెట్టి నాకు తినిపించేది. ముక్కూ కళ్ళూ కారుతూనే ఇంకో ముద్ద అడిగేదాన్ని. ఇప్పుడు నేనూ చేస్తాను, మిక్సీలో. మా పిల్లలు వేలితో తాకి చూసి గిన్నె పక్కకి జరుపుతారు.

మిరప కోతల కాలంలో కూలీలు దొరకడం గగనం. మేస్త్రిని బతిమాలాలి, ఆటో పంపాలి, పదింటికి టీ ఇవ్వాలి. వీటన్నిటికీ మించి పాటలుండాలి. బయటివాళ్ళకి చెబితే నమ్మరు గానీ, పాటలు లేని తోటలో కోతకి రామని ఆడకూలీలు మొహం మీదే చెప్పేవాళ్ళు. ఎవరి గట్టు మీద మంచి టేపురికార్డరు ఉంటే, ఎవరి దగ్గర కొత్త సినిమా క్యాసెట్టు ఉంటే, వాళ్ళ తోటలో ముందు కోత పడేది. పాటలంటే గిట్టని తాతయ్యకి కూడా టేపురికార్డరు కొనక తప్పలేదు. ఎరువుల బస్తాలతో పాటు దాన్నీ ఎద్దుల బండిలో ఎక్కించుకుని, ఏదో తప్పు చేసినవాడిలా తల వంచుకుని ఇంటికి తెచ్చాడట.

దాని మీద పెత్తనమంతా మావయ్యది. అమ్మకి ఒక్కడే తమ్ముడు. గుంటూరులో డిగ్రీ చదవమని పంపిస్తే చదువు కంటే ముందు గిటారు నేర్చుకొచ్చాడు. ఎప్పుడు ఏ పాట వెయ్యాలో ఆయనకో లెక్క ఉండేది. పొద్దున మంచుకి వేళ్ళు కొంకర్లు పోతాయి కాబట్టి డ్రమ్ములూ గిటార్లూ దంచే పాటలు. అన్నాలు తిన్నాక నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి ఇంకా గట్టివి. పొద్దు వాలేటప్పుడు మాత్రమే మెల్లటి పాటలు, అవి వింటూ కూలీలు గోతాలు కుట్టి తలకెత్తుకునేవాళ్ళు. హీరో మోటారుసైకిల్ మీద నుంచి దూకి ఇంగ్లీషులో ఒకటి రెండు లెక్కపెట్టే పాట వచ్చిందంటే సాళ్ళ వెంట చేతులు చకచకా ఆడేవి. "నేను పొద్దున్నించీ అరుస్తుంటే కదలని చేతులు ఆ దరిద్రపు గోలకి కదుల్తున్నాయే" అని తాతయ్య ఆశ్చర్యపోయేవాడు.

"గోల కాదు నాన్నా, రాక్ అంటారు" అన్నాడు ఒకసారి మావయ్య.

"రాకో పోకో, కోత తెమిలితే చాలు" అన్నాడు తాతయ్య.

నేనూ పక్కింటి పిల్లా చీపురుకట్టలు గిటార్లుగా పట్టుకుని కల్లంలో మిరపకాయల రాశి మీదెక్కి ఆ పాటలకి గెంతేవాళ్ళం. కాళ్ళ కింద కాయలు పటపటా చితికేవి. ఒకరోజు తాతయ్య చూసి కర్ర పట్టుకున్నాడు. పరిగెత్తుకెళ్ళి మావయ్య వెనక దాక్కుని, ఏడుపు నటిద్దామని అవే చేతులతో కళ్ళు నులుముకున్నాను. నటించాల్సిన పని లేకుండా పోయింది. మావయ్య నన్ను నూతి దగ్గరికి ఎత్తుకెళ్ళి చాలాసేపు చన్నీళ్ళతో కళ్ళు కడిగాడు. మిరపకాయలు ఏరిన వేళ్ళతో గిటారు వాయిస్తే తెగిన చోటల్లా మండుతుందని, అయినా వాయించడం ఆపకూడదని అప్పుడే చెప్పాడు. నాకెందుకు చెప్పాడో తెలీదు. ఇంట్లో ఆ మాట వినేవాళ్ళు ఇంకెవరూ లేక చెప్పి ఉంటాడు.

గొడవ ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మొదలైంది. హైదరాబాదులో సినిమా పాటలకి వాయించేవాళ్ళు తనని రమ్మన్నారని మావయ్య మెల్లగా చెప్పాడు. తాతయ్య కంచంలో చెయ్యి ఆగిపోయింది.

"ఉన్న ఒక్కడివి. నువ్వు పోతే ఈ తోటలెవడు చూస్తాడు?"

"పాలేరు ఉన్నాడుగా నాన్నా. కోతలప్పుడు నేనూ వస్తాను."

"వచ్చి? టేపురికార్డరు మీటలు నొక్కిపోతావా? పెళ్ళిళ్ళలో వాయించే మేళగాళ్ళకి ఊళ్ళో ఏం విలువుందో చూడట్లా?"

"ఇది మేళం కాదు నాన్నా, సినిమా. తెర మీద కనపడతాను."

ఆ మాటతో తాతయ్య కంచం పక్కకి నెట్టాడు. "సరే. తెర మీద కనపడు. నా కళ్ళతో నిన్ను చూసిన రోజు నా కొడుకువని ఒప్పుకుంటాను. అప్పటిదాకా ఈ గడప తొక్కమాక" అన్నాడు. కోపంలో అన్న మాటే. మర్నాడు పొద్దున వెనక్కి తీసుకుందామని ఉన్నా తీసుకోలేని మనిషి. మావయ్యకీ అదే రక్తం. గోంగూర పచ్చడి సీసా, కారప్పొడి డబ్బా సంచిలో పెట్టి అమ్మమ్మే బస్సు ఎక్కించింది. తాతయ్య ఆ పూట తోటలోంచి రాలేదు.

ఊళ్ళో ఎరువుల కొట్టు ఒక్కదాంట్లోనే ఫోను ఉండేది. ఆదివారం సాయంత్రాలు మావయ్య అక్కడికి చేసేవాడు. నేనూ అమ్మమ్మా వెళ్ళి, పురుగుమందు డబ్బాల మధ్య నిలబడి, రిసీవరు చెరో చెవికీ ఆనించుకుని వినేవాళ్ళం. ఇంటికొచ్చాక తాతయ్య ఏమీ అడిగేవాడు కాదు. ఏ ఆదివారమైనా మేం బయల్దేరడం ఆలస్యమైతే మాత్రం "ఏమే, ఇవాళ కొట్లో ఏమీ కొనేది లేదా?" అనేవాడు.

ఒకనాడు కొరియర్లో క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద కొత్త హీరో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మండుటెండలో తోలుకోటు వేసుకుని ఉన్నాడు. రెండో వైపు చివరి పాట మావయ్యది. ముందు గాజు పగిలిన శబ్దం, తర్వాత ఒంటరిగా గిటారు, ఆ పైన డ్రమ్ములు ఒక్కసారిగా మీద పడేవి. హీరో పాడుతుంటే వెనక నలుగురు కుర్రాళ్ళు గొంతు చించుకునేవాళ్ళు. ఆ గిటారు మావయ్య వాయించాడు. ఆ నలుగురిలో ఒక గొంతు మావయ్యది. అమ్మమ్మ టేపురికార్డరుకి చెవి ఆనించి "ఇదిగో, వీడే" అనేది.

"నలుగురు కలిసి అరుస్తుంటే నీ కొడుకు అరుపేదో నీకెట్లా తెలుసే?" అనేవాడు తాతయ్య.

"వాడికి ఆకలేస్తే అట్టాగే అరిచేవాడు" అనేది అమ్మమ్మ.

అట్ట మీద మావయ్య పేరు లేదు. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని ముందూ వెనకా తిప్పి చూసి ఇచ్చేశాడు. కోత కూలీలకి మాత్రం ఆ పాట తెగ నచ్చింది. మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు అని వెనక్కి తిప్పించుకుని వినేవాళ్ళు. టేపు తెగితే నేను గోళ్ళరంగుతో అతికించాను. అతికిన చోట గిటారు ఒక్క క్షణం మింగుడుపడనట్టు ఆగి మళ్ళీ మొదలయ్యేది. మా ఊరి ఆడవాళ్ళు పాడేటప్పుడు కూడా అక్కడ ఆగేవాళ్ళు.

సినిమా విడుదలైన వారం, ఆదివారం నాడు మావయ్య ఫోనులో ఉక్కిరిబిక్కిరైపోయాడు. పాట తీసేటప్పుడు హీరో వెనక నిలబడే వాయిద్యాల వాళ్ళు తక్కువైతే తననీ నిలబెట్టారట. కుడిపక్క, గళ్ళ చొక్కాలో. సినిమాలో చూసుకున్నాడట కూడా, మొహం స్పష్టంగా ఉందట. "అమ్మా, నాన్నని ఒక్కసారి తీసుకెళ్ళు. ఏం చెప్పొద్దు. కూర్చోబెట్టి చూపించు చాలు. ఆయన మాటే ఆయనకి గుర్తు చెయ్యి" అన్నాడు. అమ్మమ్మ కొట్లోంచి ఇంటిదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది.

సినిమా పక్క టౌనుకి వచ్చింది. బాగాలేదని మొదటిరోజే తెలిసిపోయింది. మా ఊళ్ళో ఎవరికీ చూసే తీరిక లేదు, కాయలన్నీ కల్లాల్లో ఆరుతున్నాయి. ఇవాళ రేపు అనుకుంటూనే చివరిరోజు వచ్చింది. గురువారం మధ్యాహ్నం తాతయ్య ఉతికిన పంచె కట్టుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు. "ఆ సినిమా ఏదో అన్నారుగా. పదండి మరి" అన్నాడు, మేమే ఆలస్యం చేస్తున్నట్టు.

హాల్లో ఉన్నది సగం మందే, అందరూ చుట్టుపక్కల మిరప రైతులే. ఎవరి ఒంటి మీద చూసినా కల్లం దుమ్ము. హీరోయిన్ తల్లి చనిపోయే సీనులో హాలంతా తుమ్ములు. తాతయ్య వేరుశనక్కాయల పొట్లం నా చేతిలో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. తెర మీద ఎవరు కనిపించినా అమ్మమ్మ వైపు వంగి "వాడేనా?" అని అడిగేవాడు. అది విలనుకి అనుచరుడు. తర్వాత పోలీసు. "మన వాడిది చివర్లోనండీ" అని అమ్మమ్మ గుసగుసగా చెప్పింది.

ఇంటర్వెల్ అయిన కాసేపటికి తెర మీద చేత్తో రాసిన స్లయిడు పడింది. ఆకాశం మబ్బు పట్టిందని, కల్లాల్లో కాయలున్న రైతులు గమనించమని. ఆ టౌనులో అదో మర్యాద. రోగి వచ్చాడని డాక్టరుకి స్లయిడు వేసి కబురు చేసినట్టు హాలువాళ్ళు రైతులకి మబ్బు కబురు చేసేవాళ్ళు. కుర్చీలు టపటపా లేచాయి. ఆరిన కాయ ఒక్కసారి తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, తాలుకాయ కింద పారబోయాల్సిందే. ఏడాది పంట.

మా ఊరి రైతు ఒకాయన మా వరస దగ్గర ఆగాడు. "బాబాయ్, స్లయిడు చూళ్ళేదా? సైకిలు ఎక్కు, నేనూ వస్తున్నా."

"నువ్వు పద, వస్తాను" అన్నాడు తాతయ్య.

"నీదే పెద్ద రాశి బాబాయ్. పాలేరు ఒక్కడూ ఏం కప్పుతాడు?"

"వస్తానన్నాగా."

ఆయన వెళ్ళిపోయాడు. తాతయ్య అమ్మమ్మతో "పోనీ నువ్వెళ్ళి వాడికి సాయం పట్టు" అన్నాడు.

"నేనెళ్ళను" అంది అమ్మమ్మ. ఆయన మాటకి ఎదురు చెప్పడం నేను విన్నది అదొక్కసారే. "కాయలు మీరు చూసుకోండి. నేను నా కొడుకుని చూసుకుంటాను."

తాతయ్య లేవలేదు. ఉరిమినప్పుడల్లా మోకాళ్ళ మీద చేతులు బిగుసుకునేవి. నాకప్పుడు అర్థం కాలేదు గానీ, ఆ మనిషి జీవితంలో అంతకంటే పెద్ద మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పడం చాతకాక అట్లా కూర్చున్నాడు.

తెర మీద కాలేజీ ఫంక్షన్ మొదలైంది. రంగు కాగితాలు, స్టేజీ. హీరో గిటారు చేతికి తీసుకున్నాడు. అమ్మమ్మ నా చెయ్యి నొక్కింది. గాజు పగిలిన శబ్దం కోసం నేను ఊపిరి బిగబట్టాను. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. తర్వాత హీరోయిన్ నాన్న ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. కాసేపటికి ఫైటింగు అయింది, పెళ్ళయింది, శుభం పడింది. రేకుల మీద వాన మొదలైంది.

మేం కదల్లేదు. పాట ఇంకా వస్తుందేమోనని అమ్మమ్మ తెర వైపే చూస్తోంది. ఊడ్చేవాడు వచ్చి "అయిపోయిందండి" అని రెండుసార్లు చెప్పాడు.

తడిసి ముద్దయి ఊళ్ళోకి వచ్చేసరికి కల్లంలో ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. పాలేరు కప్పగలిగినంత కప్పి, మిగతా రాశి పక్కన గోనెసంచి కప్పుకుని కూర్చుని ఏడుస్తున్నాడు. తాతయ్య ఆగలేదు. అదే వానలో నేరుగా ఎరువుల కొట్టుకి నడిచాడు. గురువారం సినిమా ఆఖరి రోజని, ఆ సాయంత్రం ఫోను చేస్తానని మావయ్య ఆదివారమే చెప్పి ఉంచాడు. నేనూ వెనకే పరిగెత్తాను. ఇద్దరూ విడిపోయాక మాట్లాడుకోవడం అదే మొదలు.

"నువ్వు లేవురా అందులో" అన్నాడు తాతయ్య.

మావయ్య గొంతు నాకూ సన్నగా వినిపించింది. "ఉన్నాను నాన్నా. హీరో వెనక, కుడిపక్క."

"మీ అమ్మా నేనూ రెప్ప వెయ్యకుండా చూశాం. నువ్వూ లేవు, నీ పాటా లేదు."

"ఆపరేటరు తీసేసి ఉంటాడు నాన్నా. ఒక్కోసారి తీసేస్తారు."

"అబద్ధం చెప్పినా అతికేట్టు చెప్పరా" అని తాతయ్య రిసీవరు పెట్టేశాడు. కొట్టతను తువ్వాలు ఇవ్వబోతే వద్దన్నాడు.

టౌనుకెళ్ళి హాల్లో అడిగి ఉంటే ఒక్క నిమిషంలో తేలేది. సైకిలు మీద పోయొచ్చే దూరం. ఎవరూ వెళ్ళలేదు. ఆ వారమంతా తడిసిన కాయలు తిరగెయ్యడం, తాలు ఏరడం. ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తోటలో ఆ క్యాసెట్టు పెట్టడం మానేశాం. ఆదివారం ఫోన్లు మాత్రం వస్తూనే ఉండేవి. "నాన్న ఏమన్నా అన్నాడా?" అని అడిగేవాడు మావయ్య. "పనుల్లో ఉన్నాడు నాయనా" అనేది అమ్మమ్మ. మావయ్యకి మళ్ళీ తెర మీద నిలబడే అవకాశం రాలేదు. పాటల కచేరీలు చేసే ఆర్కెస్ట్రాలో చేరాడు.

ఆ మరుసటి ఏడాది తిరనాళ్ళలో కరెంటు దీపాలతో కట్టే ఎత్తయిన ప్రభల మీద వాయించడానికి మా వైపే వస్తూ, చిలకలూరిపేట దాటాక వాళ్ళ వ్యాను బోల్తా కొట్టింది. మిగతావాళ్ళకి దెబ్బలు తగిలాయి. మావయ్య ఒక్కడే పోయాడు. గడప తొక్కవద్దన్న ఇంటికి నలుగురు మోసుకొచ్చారు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

పెద్దకర్మ రోజున భోజనాల పందిట్లో బక్కపలచటి మనిషొకాయన తాతయ్య పక్కన వచ్చి కూర్చున్నాడు. టౌను సినిమాహాల్లో ఆపరేటరు. గుంటూరు నుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా మావయ్య ఆయన ప్రొజెక్టరు గదిలో కూర్చుని పాటలు వినేవాడట. ఓదార్చడానికే వచ్చాడు పాపం.

"ఆ సినిమాలో ఎంత బావున్నాడండీ. గళ్ళ చొక్కా, అచ్చం మీ పోలిక. మా హాల్లో ప్రతి ఆటకీ ఆ పాట రాగానే కిటికీలోంచి చూసేవాణ్ణి."

తాతయ్య ముద్ద విస్తట్లో వదిలేశాడు. "ప్రతి ఆటకీ వేశావా?"

"వేశానండి. చివరిరోజు మ్యాట్నీకి మాత్రం, మబ్బు పట్టిందని ఆ రీలు ఎక్కించలేదు. మబ్బు రోజుల్లో పాటలు తీసేస్తుంటాం కదండీ, రైతులు కాస్త ముందు కల్లాలకి చేరతారని."

నేను అమ్మమ్మ పక్కన మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. అమ్మమ్మ అట్లాగే కింద కూర్చుండిపోయింది. తాతయ్య ఆయన్ని ఒక్క మాట అనలేదు. "మంచిపని చేశావయ్యా. అందరి కాయలూ నిలబడ్డాయి" అన్నాడు. మేం ఆ ఆటకి వచ్చామని ఆయనకి చెప్పలేదు. ఆయన వద్దంటున్నా ఇంకో గారె వేయించాడు.

పది రోజులు పోయాక తాతయ్య నన్ను తోడు తీసుకుని బెజవాడ బయల్దేరాడు. హాళ్ళకి సినిమా రీళ్ళ పెట్టెలు పంపే ఆఫీసులు అక్కడుంటాయని ఆపరేటరే చెప్పాడు. గాంధీనగరంలో మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, ఆ సినిమా తెచ్చిన ఆఫీసు పట్టుకున్నాం. ఆ సినిమా ఒక్కసారి చూడాలి, ఎక్కడ ఆడుతుందో చెప్పమని తాతయ్య చేతులు కట్టుకుని అడిగాడు. బల్ల వెనక పెద్దాయన మొదట నవ్వబోయి, తాతయ్య గుండు చూసి ఆగాడు.

"ఆ సినిమానా? ఇంకెక్కడిదండీ. ఆడని సినిమాల ప్రింట్లు తూకానికి వేసేస్తాం. ఫిల్ములోంచి వెండి తీసుకుంటారు, మిగతాది గాజులు చేసేవాళ్ళు పట్టుకెళ్తారు."

"ఏం గాజులు?"

"ప్లాస్టిక్ గాజులండీ. ఆడపిల్లలు వేసుకునేవి."

సరేనని దణ్ణం పెట్టి దిగాం. మధ్యాహ్నం ఎండ. అన్నం తిందామా తాతయ్యా అంటే వినిపించుకోలేదు. బస్టాండు బయట గాజుల కొట్టు ముందు ఆగిపోయాడు. కర్రకి గుచ్చిన గాజులు వరసగా వేలాడుతున్నాయి. చేను అంచనా కట్టేటప్పుడు కాయ చూసినట్టు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. ఇవి సినిమా ఫిల్ముతో చేసినవేనా అని అడిగాడు. కొట్టతను గాజులు సర్దుతూనే ఏమో, అయ్యుండొచ్చండి అన్నాడు. తాతయ్య కళ్ళజోడు పైకి జరుపుకుని ఆ గాజుని ఎండకి ఎత్తి పట్టి, అందులోంచి చూశాడు. దాన్ని పెట్టేసి ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. వెనక జనం తోసుకుంటున్నారు. అమ్మాయి చేతికి ఏ సైజు కావాలండీ అని కొట్టతను అడుగుతూనే ఉన్నాడు. నేను తాతయ్య చొక్కా పట్టుకుని లాగాను.

"కాయలన్నీ తడిసిపోతున్నా కూర్చున్నానమ్మా వాడి కోసం" అన్నాడు, నా వైపు చూడకుండానే. "వాడు చెప్పిన ఒక్క మాట నమ్మలేకపోయాను."

చేతిలో ఉన్న గాజుని మళ్ళీ ఎండకి ఎత్తాడు.